తాకితే పలికే సర్క్యూట్‌ను తరగతిలో పిల్లల చేత చేయించడం ఎలా?

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న మీరు, తొమ్మిదో తరగతిలోని 42 మంది పిల్లల చేత, వేలితో తాకితే పలుకుతూ, తాకే తీరును బట్టి స్వరం మారే ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌ను చేయించాలనుకుంటున్నామని రాశారు. ఏ సర్క్యూట్ తీసుకోవాలి, ఎన్ని పీరియడ్లు పడుతుంది, పిల్లలకు షాక్ కొట్టే ప్రమాదం ఉందా, దీన్ని జిల్లా సైన్స్ ఫెయిర్‌లో పెట్టవచ్చా అని నాలుగు సంగతులు అడిగారు. నేను నల్లగొండ జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. అందులో గత ఎనిమిదేళ్లుగా ఏటా ఈ ప్రయోగాన్ని చేయిస్తున్నాను కాబట్టి, నా అనుభవంలో నిలిచిన పద్ధతిని వివరంగా రాస్తాను.

ముందుగా సూటి సమాధానం. 555 టైమర్ అనే ఐసీతో (ఎన్నో భాగాలు ఇమిడిన చిన్న చిప్), 9 వోల్టుల బ్యాటరీ మీద, బ్రెడ్‌బోర్డుపై (తీగలు గుచ్చి సర్క్యూట్ కలిపే రంధ్రాల పలక), ముగ్గురికి ఒక సెట్ చొప్పున పద్నాలుగు సెట్లు పెట్టి, నాలుగు పీరియడ్లలో చేయించండి. సోల్డరింగ్, అంటే కరిగించిన లోహంతో తీగలు అతికించడం, మొదటి ఏడాది వద్దు. గోడ ప్లగ్గులో పెట్టే ఏ వస్తువూ ఈ సర్క్యూట్‌కు ఏ రూపంలోనూ తగలకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే ప్రమాదం లేదు. సైన్స్ ఫెయిర్‌లో నిస్సందేహంగా పెట్టవచ్చు, కానీ అక్కడి రణగొణధ్వనిలో వినిపించేలా చేయడానికి కొంత పని ఉంది. దాని గురించి చివర రాస్తాను.

ఇప్పుడు కారణాలు. మీరు రాసిన దాంట్లో "టచ్ స్విచ్" అనే మాట రెండుసార్లు వచ్చింది. నేను మొట్టమొదట సరిదిద్దదలచినది ఆ మాటనే. స్విచ్ అంటే ఉన్నదీ లేనిదీ అనే రెండు స్థితులే. మన ప్రయోగంలో వేలు స్విచ్ కాదు, నిరోధం. రెండు లోహపు ముక్కల మధ్య వేలు ఆనించినప్పుడు ఆ వేలి చర్మం ఒక రెసిస్టర్‌లా సర్క్యూట్‌లో చేరుతుంది. గట్టిగా నొక్కితే చర్మం ఎక్కువ మేర తగిలి నిరోధం తగ్గుతుంది, తేలికగా ఆనిస్తే పెరుగుతుంది. పొడి వేలికి కొన్ని లక్షల ఓమ్‌ల నుంచి పది, ఇరవై లక్షల ఓమ్‌ల దాకా, చెమట పట్టిన వేలికి కొన్ని వేల నుంచి కొన్ని పదివేల ఓమ్‌ల దాకా ఉండటం నేను మల్టీమీటరుతో ఏటా పిల్లల ముందే కొలిచి చూపిస్తాను. ఇంత విశాలమైన తేడాను చెవికి వినిపించే స్వరంగా మార్చడమే ఈ సర్క్యూట్ పని. పిల్లవాడికి ఈ సంగతి అర్థమైతే, మరుసటి ఏడాది పదో తరగతిలో విద్యుత్ ప్రవాహం పాఠం వచ్చినప్పుడు నిరోధం అనే మాట అతనికి పుస్తకంలోని పదంగా కాక తన వేలి కొసన విన్నదిగా గుర్తుంటుంది.

సర్క్యూట్ ఇలా కలపాలి. ఐసీని దాని ఒక కొసన ఉండే చిన్న గుంట మీ ఎడమ వైపు ఉండేలా పెడితే కింది వరుసలో ఎడమ నుంచి 1, 2, 3, 4 పిన్నులు, పై వరుసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8 పిన్నులు వస్తాయి. 8వ పిన్ను, 4వ పిన్ను బ్యాటరీ ధన ధ్రువానికి, 1వ పిన్ను రుణ ధ్రువానికి పోవాలి. 8కి 7కి మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. 7వ పిన్ను నుంచి మరో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి, దాని రెండో కొసకు మొదటి లోహపు ముక్కను కలపాలి. 6వ పిన్నునూ 2వ పిన్నునూ ఒక తీగతో కలిపి, అక్కడి నుంచి రెండో లోహపు ముక్కకు ఒక తీగ, 1వ పిన్నుకు 10 నానో ఫారడ్‌ల కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే భాగం) వేయాలి. 5వ పిన్ను నుంచి కూడా 1వ పిన్నుకు మరో 10 నానో ఫారడ్‌ల కెపాసిటర్ వేస్తే స్వరం నిలకడగా ఉంటుంది. 3వ పిన్ను నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని వెనక 47 మైక్రో ఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, ఆ వెనక 8 ఓమ్‌ల చిన్న స్పీకరు, స్పీకరు రెండో తీగ రుణ ధ్రువానికి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ధన కాలు 3వ పిన్ను వైపు ఉండాలి. బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య 100 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి వేయండి, బ్యాటరీ కాస్త అరిగినప్పుడు దాని అవసరం తెలుస్తుంది.

స్పీకరుకు ముందున్న 47 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్‌ను కొందరు అనవసరమని తీసేస్తారు. తీయవద్దు. ఎవరూ తాకనప్పుడు 3వ పిన్ను ఏదో ఒక స్థితిలో ఆగిపోతుంది. అది పైస్థితిలో ఆగితే కెపాసిటర్ లేని స్పీకరు గుండా ప్రవాహం ఆగకుండా పోతూ, చప్పుడేమీ లేకుండానే బ్యాటరీని తినేస్తుంది.

లోపల జరిగేది పిల్లలకు చెప్పదగినంత సులభంగానే ఉంటుంది. స్విట్జర్లాండులో పుట్టిన హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ సంస్థ కోసం ఈ ఐసీని రూపొందించగా, 1972లో అది మార్కెట్టులోకి వచ్చింది. దాని కడుపులో మూడు సమాన రెసిస్టర్లు వరుసగా ఉండి, బ్యాటరీ వోల్టేజీని మూడు భాగాలు చేస్తాయి. 9 వోల్టులు ఇస్తే 3 వోల్టులు, 6 వోల్టులు అనే రెండు గీతలు ఏర్పడతాయి. వేలి గుండా వచ్చే ప్రవాహంతో బయటి కెపాసిటర్ నిండుతూ 6 వోల్టులకు చేరగానే ఐసీ దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది, 3 వోల్టులకు దిగగానే మళ్లీ నింపనిస్తుంది. ఈ నిండటం, ఖాళీ కావడం సెకనుకు ఎన్నిసార్లు జరిగితే స్పీకరు పొర అన్నిసార్లు కదులుతుంది. కుండకు సన్నని ధారతో నీళ్లు పడితే నిండటానికి ఎక్కువసేపు పడుతుంది, లావు ధారతో పడితే త్వరగా నిండుతుంది. వేలు ఎంత గట్టిగా నొక్కితే ధార అంత లావు. నేను ఈ పోలికనే చెబుతాను, తొమ్మిదో తరగతికి అది చాలు.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఆ రెండు గీతలూ బ్యాటరీ వోల్టేజీలో మూడో వంతు, మూడింట రెండు వంతులు కాబట్టి, బ్యాటరీ కొంత దిగినా స్వరం దాదాపు మారదు. శబ్దం మాత్రం చిన్నదవుతుంది. పాత బ్యాటరీ ఒకటి, కొత్త బ్యాటరీ ఒకటి మార్చి పెట్టి వినిపించండి. స్వరం వేరు, గట్టితనం వేరు అని ధ్వని పాఠంలో ఎంత చెప్పినా తలకెక్కని పిల్లలకు ఇక్కడ ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

లెక్క కూడా చేయించండి. పౌనఃపున్యం = 1.44 ÷ ((ఆర్1 + 2 × ఆర్2) × సి). ఆర్1 మన 10 కిలో ఓమ్‌లు. ఆర్2 అంటే వేలి నిరోధం, దానికి వరుసలో ఉన్న మరో 10 కిలో ఓమ్‌లు కలిపి. సి 10 నానో ఫారడ్‌లు. వేలి నిరోధం 100 కిలో ఓమ్‌లైతే సుమారు 626 హెర్ట్జ్, 500 కిలో ఓమ్‌లైతే సుమారు 140 హెర్ట్జ్ వస్తాయి. రెండు లోహపు ముక్కలనూ నేరుగా తాకించేస్తే 4,800 హెర్ట్జ్ దగ్గర కీచుమంటుంది తప్ప ఏదీ కాలిపోదు. వరుసలో 10 కిలో ఓమ్‌లు పెట్టింది అందుకే. పిల్లలు ఆ ముక్కలను తప్పకుండా తాకిస్తారు.

ఇక సామాను. నల్లగొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కల రేడియో, టీవీ మరమ్మతు దుకాణాల్లో 555 ఐసీ, సాధారణ రెసిస్టర్లు నాకు దొరికేవి. మీ దగ్గర కూడా ముందు అటువంటి దుకాణాల్లో అడగండి. పద్నాలుగు సెట్లు ఒకేసారి కావాలంటే మాత్రం హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి ఒకసారి పోయి రావడమే మేలు. బ్రెడ్‌బోర్డు, స్పీకరు, బ్యాటరీ, క్లిప్, మిగతా చిల్లర సామానంతా కలిపి ఒక్కో సెట్టు నాకు సుమారు 200 రూపాయల్లో వచ్చింది. బ్రెడ్‌బోర్డులు, స్పీకర్లు ఏళ్ల తరబడి పనికొస్తాయి కనుక రెండో ఏడాది బ్యాటరీల ఖర్చే మిగులుతుంది. తాకే ముక్కలకు ప్రత్యేకంగా ఏమీ కొనవద్దు. అట్టముక్కలో గుచ్చిన రెండు డ్రాయింగ్ పిన్నులు చాలు. రూపాయి నాణేలూ, అన్నం పొట్లాలకు చుట్టే అల్యూమినియం రేకూ పనిచేస్తాయి. రేకుకు సోల్డర్ అంటదు కాబట్టి దానికి క్రొకోడైల్ క్లిప్ పెట్టండి.

స్పీకరు బదులు బజర్ కొనవద్దు. నేను చేసిన తప్పు ఇది. మొదటి ఏడాది స్పీకర్లు ఖరీదనిపించి ఒక దుకాణంలో నల్లటి గుండ్రని బజర్లు తెచ్చాను. పిల్లలు సర్క్యూట్లన్నీ సరిగానే కలిపారు, తాకితే శబ్దమూ వచ్చింది. కానీ ఎవరు ఎంత నొక్కినా అన్నీ దాదాపు ఒకే కూత కూశాయి. ఆ బజర్ల లోపల సొంత ఆసిలేటర్ ఉంటుందనీ, దానికి కరెంటు అందితే చాలు, తన స్వరమే పలుకుతుందనీ సాయంత్రం ఒకదాన్ని విప్పి చూసుకున్న తరువాత గానీ నాకు తట్టలేదు. కొనేటప్పుడు బజర్‌ను నేరుగా బ్యాటరీకి తాకించి చూడండి. ఆగకుండా కూస్తే అది మనకు పనికిరాదు, టిక్కుమని ఊరుకుంటే పనికొస్తుంది.

పీరియడ్ల సంగతికి వస్తే, మొదటి పీరియడ్‌లో సర్క్యూట్ జోలికి పోవద్దు. బ్రెడ్‌బోర్డు లోపల ఏ రంధ్రానికి ఏ రంధ్రం కలిసి ఉంటుందో మల్టీమీటరుతో పిల్లల చేతనే వెతికించండి, వేళ్ల నిరోధాలు కొలిపించి ఎవరిది వాళ్ల నోటుపుస్తకంలో రాయించండి. రెండో పీరియడ్ పూర్తిగా కలపడానికి. మూడో పీరియడ్ తప్పులు వెతకడానికి, దీన్ని తగ్గించవద్దు. పద్నాలుగు సెట్లలో నా తరగతిలో మొదటిసారికే పలికినవి ఎప్పుడూ ఆరేడుకు మించలేదు. ఆ పలకనివాటిని నేను సరిచేసి ఇవ్వను. నాలుగో పీరియడ్ వాయించడానికీ, కొలవడానికీ.

తప్పులు వెతికే పద్ధతి ఒకటి నేర్పండి. వేలిని తీసి, ఆ స్థానంలో 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను గుచ్చండి. రెసిస్టర్‌తో పలికితే సర్క్యూట్ సరిగా ఉన్నట్టు, తేడా వేలిదో లోహపు ముక్కలదో అన్నట్టు. పలకకపోతే తేడా సర్క్యూట్‌లోనే ఉన్నట్టు. సందేహాన్ని ఇలా రెండుగా చీల్చడం వస్తే మిగతాది ఓపిక పని. తరువాత 8వ, 1వ పిన్నుల మధ్య వోల్టేజీ చూడాలి. అక్కడ 9 వోల్టుల దాకా లేకపోతే పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో ఎరుపు, నీలం గీతల వరుసలు కొన్నిటికి మధ్యలో తెగి ఉంటాయన్న సంగతి గుర్తుచేయండి, సగం సెట్లు అక్కడే ఆగిపోతాయి. ఐసీ వేడెక్కితే తిరగేసి పెట్టారని అర్థం, వెంటనే బ్యాటరీ తీయించండి. ఐసీ కాలు ఒకటి రంధ్రంలోకి దిగకుండా పొట్ట కిందికి మడిచిపోయి ఉంటుంది, పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే కనబడుతుంది, పక్కనుంచి కంటిని బల్ల ఎత్తుకు దించి చూడాలి. కెపాసిటర్ మీది అంకెలు కూడా చదివించండి. 103 అంటే 10 నానో ఫారడ్‌లు, 104 అంటే 100 నానో ఫారడ్‌లు. 104 పెట్టిన సెట్టులో పొడి వేలికి స్వరం రాదు, టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం వస్తుంది.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. మూడేళ్ల కిందట డిసెంబరులో ఈ ప్రయోగం చేయిస్తున్నప్పుడు, వెనక బల్ల మీది ఒక అమ్మాయి తన సెట్టుతో పోరాడి పోరాడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న ఇద్దరూ తాకితే పలుకుతోంది, ఆమె తాకితే టక్కు టక్కుమని అప్పుడొకటి ఇప్పుడొకటి చప్పుడు తప్ప స్వరం లేదు. "నా చేతికి పలుకుతలేదు సార్" అంది. నేను ఆమె చెయ్యి తిప్పి చూశాను. ఆదివారాలు పత్తి తీయడానికి పోయే పిల్ల. వేళ్ల కొసలు కాయకట్టి, పత్తికాయ అంచులకు గీసుకుపోయి, ఎండిపోయి ఉన్నాయి. మల్టీమీటరుతో కొలిస్తే ఆ వేలి నిరోధం ఇరవై లక్షల ఓమ్‌లు దాటింది. లెక్కలో వేస్తే 36 హెర్ట్జ్‌లకు లోపే వస్తుంది. అంత చిన్న స్పీకరు ఆ స్థాయిని స్వరంగా పలికించలేదు. సర్క్యూట్‌లో దోషం లేదు, ఆమెలో దోషం అసలే లేదు, కెపాసిటర్ విలువను నేను మెత్తటి చేతులను దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నాను. 103 తీసి 102, అంటే 1 నానో ఫారడ్ పెట్టించాను. అదే వేలికి 360 హెర్ట్జ్ దగ్గర చక్కని స్వరం పలికింది. ఆమె వేలు తీయకుండా చాలాసేపు అలాగే పట్టుకుని వింది.

అప్పటి నుంచి ప్రతి సెట్టులోనూ 103, 102 రెండూ పెడుతున్నాను. మీరూ పెట్టండి. మన జిల్లాల పిల్లల్లో సెలవు రోజుల్లో పత్తికీ, నాట్లకూ పోయేవాళ్లు ఉంటారు. తన చేతికి మాత్రమే పలకని యంత్రాన్ని చూసి పిల్లలు తమనే తప్పుపట్టుకుంటారు. కెపాసిటర్ మార్చకుండా వేలు తడిపితే కూడా పలుకుతుంది గానీ, అది సర్క్యూట్‌కు తగినట్టు పిల్లను మార్చడం అవుతుంది, నాకు ఇష్టం లేదు. అయితే 102 పెట్టినప్పుడు చెమట చేతులకు స్వరం చెవికి అందనంత పైకి పోతుంది కాబట్టి ఎవరి చేతికి ఏది సరిపోతుందో వాళ్లే ఎంచుకోవాలి. ఇదే కారణంగా కాలం కూడా చూసుకోవాలి. జూలై, ఆగస్టు నెలల ఉక్కలో చేయిస్తే స్వరాలన్నీ పైన పలుకుతాయి, డిసెంబరు, జనవరి పొడిచలిలో కిందికి దిగుతాయి. ఒకే తరగతి చేత రెండు కాలాల్లోనూ కొలిపించి నోటుపుస్తకంలో పక్కపక్కన రాయించగలిగితే అంతకన్నా మంచి పాఠం లేదు.

నాలుగో పీరియడ్‌లో పిల్లలను చేతులు పట్టించి గొలుసుగా నిలబెట్టండి. మొదటివాడు ఒక ముక్కను, చివరివాడు రెండో ముక్కను తాకాలి. ఇద్దరితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ చేరుస్తూ పోతే స్వరం మెట్టుమెట్టుగా దిగుతుంది, శ్రేణి సంధానంలో నిరోధాలు కలుస్తాయన్నమాట చెవితో వినబడుతుంది. అదే రెండు ముక్కలనూ ఇంకో గొలుసు కూడా పట్టుకుంటే స్వరం పైకి లేస్తుంది, అది సమాంతర సంధానం. పెన్సిలుతో కాగితం మీద లావుగా దిద్దిన పట్టీ కూడా నిరోధమే. మెత్తని పెన్సిలుతో బాగా దిద్దాలి. ఒక క్లిప్‌ను పట్టీ ఒక కొసకు పెట్టి రెండోదాన్ని పట్టీ వెంట జరిపితే స్వరం జారుతుంది. పౌనఃపున్యం కొలవడానికి ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉన్న ఒక్క ఫోను చాలు, అది మీ ఫోనే కావచ్చు.

పాట వాయిస్తామని పిల్లలకు మాట ఇవ్వవద్దు. వేలిని ఒకే ఒత్తిడిలో నిలపడం చాలా కష్టం, స్వరం వణుకుతూనే ఉంటుంది. స్వరాలు స్థిరంగా కావాలంటే వేలి స్థానంలో ప్రీసెట్ రెసిస్టర్లు, అంటే తిప్పి విలువ మార్చుకోగలవి, పెట్టాలి. షడ్జమాన్ని 240 హెర్ట్జ్ అనుకుంటే ఆర్2 మొత్తం 295 కిలో ఓమ్‌లు, పంచమానికి 360 హెర్ట్జ్ కనుక 195 కిలో ఓమ్‌లు, పై షడ్జమానికి 480 హెర్ట్జ్ కనుక 145 కిలో ఓమ్‌లు వస్తాయి. భజన మండలిలో హార్మోనియం వాయించే ఒక తండ్రి కొడుకు నా తరగతిలో ఉండేవాడు. అతను లెక్క చేయకుండానే ప్రీసెట్ తిప్పుతూ చెవితో పంచమాన్ని పట్టుకున్నాడు. తరువాత కొలిస్తే 357 వచ్చింది. ఆ రోజు మిగిలిన పీరియడంతా స్వరాల నిష్పత్తుల మీదే నడిచింది, అనుకున్న పాఠం పక్కకు పోయిందని నేను విచారించలేదు.

మా జిల్లాలో పిల్లలు తప్పక అడిగే ప్రయోగం నీళ్లది. రెండు స్టీలు చెంచాలను గ్లాసులో ఒకే లోతున, ఒకే దూరంలో ఉంచి తాకే ముక్కల స్థానంలో కలిపితే, బోరు నీళ్లకు స్వరం బాగా కీచుగానూ, శుద్ధి చేసిన నీళ్లకు అంతకన్నా తక్కువగానూ వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువుంటే నిరోధం అంత తక్కువ. అయితే ఇది ఫ్లోరైడును చూపదని పిల్లలకు గట్టిగా చెప్పండి. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీ గ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 మిల్లీ గ్రాములకు మించకూడదనీ భారతీయ ప్రమాణం చెబుతుండగా, మొత్తం కరిగిన లవణాలు మామూలు బోరు నీళ్లలోనే వందల మిల్లీ గ్రాములు ఉంటాయి. అంత మొత్తంలో ఆ కొద్దిపాటి ఫ్లోరైడు వల్ల స్వరంలో వచ్చే తేడాను ఎవరూ గుర్తించలేరు. ఒకసారి ఒక పిల్లవాడు ఇంటికి పోయి "మన నీళ్లు మంచివే, నేను పరీక్షించాను" అని చెప్పాడని వాళ్ల అమ్మ నాకు చెప్పింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు ఫ్లోరైడు వల్ల దశాబ్దాలు అనుభవించిన బాధ తెలిసిన జిల్లాలో అటువంటి తప్పుడు ధైర్యం ఒక్క ఇంటికి కూడా మన ప్రయోగం వల్ల చేరకూడదు.

ప్రమాదం గురించి. బ్యాటరీ మీద ఉన్నంతవరకు పొడి వేలి గుండా పోయే ప్రవాహం 0.1 మిల్లీ ఆంపియర్‌కు లోపే ఉంటుంది, బాగా తడిసిన చేతికి కూడా సుమారు 0.6 మిల్లీ ఆంపియర్‌కు మించదు. అది చర్మానికి తెలియదు. పుండ్ల మీద, నాలుక మీద పెట్టనివ్వవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలెవరైనా ప్రదర్శన చూడటానికి వస్తే గొలుసులో నిలబెట్టవద్దు.

అసలు ప్రమాదం బ్యాటరీ అయిపోయినప్పుడు వస్తుంది. ఒక పాఠశాలలో నేను పక్క గదిలో ఉండగా, సాయం చేయాలన్న సదుద్దేశంతోనే ఒక పెద్దాయన బ్యాటరీ బదులు చవక ఛార్జరు తీగ కోసి సర్క్యూట్‌కు కలిపారు. తాకిన పిల్లవాడు చెయ్యి జిల్లుమందని వెనక్కి లాక్కున్నాడు. అతనికి ఏమీ కాలేదు. కానీ ఛార్జరు లోపల 230 వోల్టుల వైపుకీ మన వైపుకీ మధ్య ఉండే అడ్డు నాసిరకందైతే ఆ రోజు ఏమై ఉండేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. పిల్లల శరీరం సర్క్యూట్‌లో భాగమైనప్పుడు ఛార్జరు, అడాప్టరు, ప్లగ్గులో ఉన్న ఆంప్లిఫయరు, ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఏదీ తీగతో కలవకూడదు. శబ్దం పెద్దది కావాలంటే స్పీకరు ముందు మైకు పెట్టండి, తీగ కలపవద్దు. రెండు మూడు బ్యాటరీలు అదనంగా బీరువాలో ఉంచుకుంటే ఈ అవసరమే రాదు.

వేరే దారులూ ఉన్నాయి. టీటీపీ223 అనే చిన్న టచ్ మాడ్యూల్ చవక, కానీ అది ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, స్వరాన్ని మార్చదు. ఈఎస్‌పీ32 బోర్డులో తాకితే గుర్తించే పిన్నులు ఉంటాయి, ప్రోగ్రాం రాస్తే ఎన్నో చేయవచ్చు. అయితే అక్కడ జరిగేది ప్రోగ్రాంలో దాగిపోతుంది కాబట్టి మొదటి ప్రయోగంగా నేను పెట్టను. 555 బాగా వచ్చిన పిల్లలకు రెండో ఏడాది సీడీ40106 ఇవ్వండి. ఆ ఒక్క ఐసీలో ఆరు ఇన్వర్టర్లు (వచ్చిన సంకేతాన్ని తలకిందులు చేసి ఇచ్చే భాగాలు) ఉంటాయి, ఒక్కోదానికి ఒక వేలు, ఒక కెపాసిటర్ పెడితే ఆరు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. అది స్పీకరును నేరుగా మోయలేదు. ఆరు అవుట్‌పుట్లనూ తలా ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కలిపి, ఎల్‌ఎం386 వంటి చిన్న ఆంప్లిఫయరు ఐసీకి ఇవ్వాలి, దానికీ బ్యాటరీయే. వాడని ఇన్‌పుట్లను రుణ ధ్రువానికి కలిపి తీరాలి, గాలికి వదిలేస్తే అర్థంకాని చప్పుళ్లు వస్తాయి.

చివరిగా సైన్స్ ఫెయిర్. మా పిల్లలు మొదటిసారి తీసుకుపోయినప్పుడు హాలులోని గోలలో బల్ల దగ్గరకు వచ్చినవాళ్లకే వినబడలేదు. విడిగా పెట్టిన స్పీకరులో ముందు నుంచి వచ్చే ధ్వనీ వెనక నుంచి వచ్చే ధ్వనీ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి, ముఖ్యంగా తక్కువ స్వరాల్లో. స్పీకరును చిన్న మట్టికుండ మూతికి గానీ, గట్టి ప్లాస్టిక్ డబ్బాకు కోసిన రంధ్రానికి గానీ బిగించండి. అంచు చుట్టూ ఎక్కడా సందు లేకుండా బంక పూయాలి, తీగలు పోయే రంధ్రాన్ని కూడా మూయాలి. మేము మరుసటి ఏడాది కుండతో పోయాం. అదే బ్యాటరీ, అదే సర్క్యూట్, రెండు బల్లల అవతల నిలబడ్డవాళ్లు కూడా తల తిప్పి చూశారు. 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను 47 ఓమ్‌లకు తగ్గిస్తే శబ్దం ఇంకాస్త పెరుగుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది కాబట్టి ప్రదర్శన రోజున మాత్రమే అలా చేసి, మధ్యాహ్నానికి ఒక కొత్త బ్యాటరీ సిద్ధంగా పెట్టుకోండి.

మీరు మొదటి పీరియడ్‌లో కొలిపించిన వేళ్ల నిరోధాల పట్టికను ఇక్కడ రాస్తే, మీ తరగతికి 103 కెపాసిటర్లు ఎన్ని, 102 కెపాసిటర్లు ఎన్ని తీసుకోవాలో నేను లెక్క చూసి చెబుతాను.